సాంచా నుంచి ప్రెస్సు దాకా

హైదరాబాద్ మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రోజూ ఓ ఫ్రెంచి సైనికాధికారి పేరు మీదుగా ప్రయాణం మొదలుపెడతాడు. మస్యె రేమాండ్ జనం నోట మూసారాం అయ్యాడంటారు. నిజాం అలీఖాన్ కొలువులో పటాలాలు నడిపిన ఆయన 1795లో ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. దాన్ని ఊరివాళ్లు తోప్ కా సాంచా అన్నారు. సాంచా అంటే అచ్చు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ అదే.

తుపాకుల తొలినాళ్ల సిపాయికి తూటా తయారు చేయడం, తుపాకీ పేల్చడం వేర్వేరు పనులు కావు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, చువ్వతో కూరాలి. తెలుగులో ఇప్పటికీ వాడే ‘మందు దట్టించడం’ అనే మాటలో ఆ చువ్వ చప్పుడే వినిపిస్తుంది. మందును, గుండును ముందే కాగితంలో చుట్టి ఉంచుకోవడం తర్వాతి మెట్టు. ఆ కాగితాన్ని పంటితో చించాలి. దానికి పూసిన కొవ్వు మీద పుట్టిన అనుమానమే 1857లో ఉత్తరాదిన సిపాయిలను రగిల్చింది. ఆ ఏడాది జులై 17న హైదరాబాద్‌లోనూ తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు.

ఈలోగా నిప్పు పుట్టించే పద్ధతి మారింది. దెబ్బ తగలగానే పేలే రసాయనాన్ని తుపాకీకి వాడే విధానానికి స్కాట్లండ్ మతగురువు అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో పేటెంటు పొందాడు. చిన్న టోపీగా మారిన ఆ రసాయనం 1860ల్లో ఇత్తడి తూటా అడుగున నడిమధ్యకు చేరింది. అదే ప్రైమర్. ఇంగ్లండ్‌లో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ చెరో రకం చేశారు. విచిత్రమేమిటంటే ఇంగ్లండ్ మనిషి రకం అమెరికాలో, అమెరికా మనిషి రకం ఐరోపాలో పాతుకుపోయాయి. మన దేశంలో ఖడ్కీ మందుగుండు కర్మాగారం 1869లో మొదలైంది. దట్టించే పని సిపాయి చేతిలోంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.

అయితే తూటా పేలాక మందు మండిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ఇత్తడి తొడుగు మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగమూ అదే. బాక్సర్ రకంలో అడుగున నడిమి రంధ్రం ఒక్కటే కాబట్టి, సన్నటి పుల్లతో పాత ప్రైమర్‌ను సులువుగా నెట్టేయవచ్చు. తొడుగును తిరిగి నింపే అలవాటు అమెరికాలో ఇల్లిల్లూ పాకడానికి ఇదో పెద్ద కారణం. 1884లో జాన్ బార్లో పట్టకారులాంటి పనిముట్టు అమ్మకానికి తెచ్చాడు. తర్వాత బల్లకు బిగించే ప్రెస్సులొచ్చాయి. వీటిలో మీట ఒకసారి లాగితే ఒక్క పనే అవుతుంది. 1930ల్లో శాన్‌డియాగో నుంచి స్టార్ యంత్రం వచ్చింది, 1980ల్లో ఆరిజోనా నుంచి డిల్లన్ యంత్రాలు ఈ పనిని మామూలు మనిషికి అందించాయి. ఇవే ప్రోగ్రెసివ్ ప్రెస్సులు. తిరిగే పళ్లెంలో తొడుగులు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. ఒకచోట పాత ప్రైమర్ ఊడి తొడుగు సరైన కొలతకు వస్తుంది, మరోచోట కొత్త ప్రైమర్, ఆపై మందు, ఆపై గుండు చేరతాయి. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ప్రమాదమూ ఆ వేగంలోనే ఉంది. ఒక తొడుగులో మందు రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా కంటికి ఆనేలోపే పళ్లెం తిరిగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ఒక్కో పనే చేసే ప్రెస్సు మీద చేయి తిరగనివ్వమంటారు.

హైదరాబాద్ కథ మరో దారి పట్టింది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. మరో అయిదేళ్లకే, అఫ్రో-ఏషియన్ క్రీడల నాటికి, గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ సిద్ధమైంది. ఆ 2003 క్రీడల్లో స్వర్ణం కొట్టిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. అది ఎయిర్ రైఫిల్, మందుతో పనే లేదు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన ఈషా సింగ్ 25 మీటర్ల పోటీలో వాడేది .22 పిస్టల్. ఆ తూటాలో పేలుడు రసాయనం అడుగు అంచులోనే ఇమిడి ఉంటుంది, సూది దెబ్బకు అంచు నలిగిపోతుంది కాబట్టి తిరిగి నింపడం కుదరదు. హాంగ్జౌలోనే ట్రాప్‌లో కాంస్యం నెగ్గిన కైనాన్ చెనాయ్ షాట్‌గన్ తూటాలను నింపుకోవచ్చుగానీ, ఈ స్థాయి పోటీల్లో ఫ్యాక్టరీ సరుకుదే రాజ్యం. మన ఊరి పతకాల వెనుక ప్రెస్సు లేదు.

ప్రెస్సు రాకపోవడానికి ఆట ఒక్కటే కారణం కాదు, చట్టమూ అడ్డుంది. 1959 ఆయుధ చట్టం ‘మందుగుండు’కు చెప్పిన నిర్వచనంలో తూటాలు, బాంబులతోపాటు వాటి విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే చట్టం కంట్లో ఖాళీ ప్రెస్సు కూడా మందుగుండే. లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడాన్ని అయిదో సెక్షన్ నిషేధిస్తుంది. టెక్సాస్‌లో ఓ తెలుగు ఇంజనీరు గరాజ్ బల్లకు బిగించుకోగల ఇనుప ముక్కను కొండాపూర్ ఫ్లాట్‌లో అతని తమ్ముడు లైసెన్సు లేకుండా బిగిస్తే నేరం. ఇక్కడ మొదలుపెట్టాలనుకునేవాడి తొలి మెట్టు యంత్రం కొనడం కాదు, లైసెన్సు అధికారి గుమ్మం ఎక్కడం.

రేమాండ్ 1798 మార్చిలో పోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాల చేతుల్లోంచి తుపాకులు దించేశారు. పోతపోసిన ఫిరంగులు ఎటు పోయాయోగానీ, ఊరు మాత్రం ఆ చోటును అచ్చు పేరుతోనే గుర్తుపెట్టుకుంది. గుండుతోపాటు దాని సాంచాకూ లెక్క రాసిన 1959 చట్టం ఈ ఊరికి కొత్త సంగతేమీ చెప్పలేదు.