అంకెల ఆజ్ఞతో కొయ్యపని

కొయ్యపై వంపు తీర్చు వడ్రంగిని గమనింపుడు. తీర్చవలసిన రూపము అతని మనసులో ఉండును. ఉలిని ఎంత లోతుగా, ఎంత దూరము నడపవలెనో చేతికి తెలియును. కొయ్యలో నార ఎటు వాలియున్నదో, ఏ చోట చీలిపోవునో అనుభవము చెప్పును. నేడు చిన్న పనిశాలలలోను, కొన్ని ఇళ్లలోను గూడ కనిపించు సీ.ఎన్.సీ. రౌటరు అను యంత్రము అదే వంపును మనుష్యుని చేయి తాకకుండ చెక్కుచున్నది. అయినచో వడ్రంగి నేర్పు ఎక్కడికి పోయినది? ఆ యంత్రము పుట్టి పెరిగిన తీరు తెలిసికొన్నగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ముందుగా దాని నిర్మాణము చూతము. ఒక బల్ల, దానిపై అడ్డముగా ఒక దూలము, ఆ దూలమునకు అమర్చిన మోటారు, మోటారు కొనయందు గిర్రున తిరుగు బిట్టు — ఇవి ముఖ్య భాగములు. బిట్టు కుడి ఎడమలకును, ముందు వెనుకలకును, పైకి క్రిందికిని కదలగలదు. గ్రాఫు కాగితముపై ఒక బిందువును రెండు నిరూపకములతో గుర్తించుట విద్యార్థులకు తెలిసినదే. లోతును సూచించు మూడవ నిరూపకమును చేర్చినచో బిట్టు ఉండవలసిన స్థానము నిర్ణయమగును. అట్టి స్థానములను వరుసగా వ్రాసినదే యంత్రమునకు ఇచ్చు ఆజ్ఞాపత్రము.

రూపమును యంత్రమునకు నేర్పవలెనను ఆలోచన చాల పాతది. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819లో తుపాకుల కొయ్యపిడులను చెక్కు ఒక తరిమెనను రూపొందించెను. అందులో ఇనుముతో చేసిన మాదిరి పిడియు, చెక్కవలసిన కొయ్యయు కలిసి తిరుగును. మాదిరిని ఒరసికొని పోవు చక్రము ఎంత లోనికి వెళ్లిన, కోతచక్రము కొయ్యలోనికి అంతే వెళ్లును. వంకరటింకర రూపముగూడ ఈ విధముగా యంత్రమునకు లొంగినది. కాని కొత్త రూపము కావలసినప్పుడెల్ల కొత్త మాదిరి చేయక తప్పదు. అంతకు పూర్వమే, 1804లో, ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జాకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గముపై పువ్వులు నేయించెను. అక్కడ రూపమును దాచినది ఇనుప మాదిరి కాదు, చిల్లుల వరుస. అట్టలు మార్చిన పువ్వు మారును. ఈ రెండు ఆలోచనలు ఒకచోట కలియుటకు సుమారు నూటయేబది సంవత్సరములు పట్టినది.

అవి కలిసిన చోటగూడ మొదట ఉన్నది కొయ్యయే. మిషిగన్ రాష్ట్రమందలి ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ అను పారిశ్రామికుడు 1940 తరువాతి సంవత్సరములలో సికోర్‌స్కీ కంపెనీ హెలికాప్టరు రెక్కలకు కావలసిన కొయ్య పట్టీలను తయారుచేయుచుండెను. పట్టీ వంపును తెలుపుటకు వారికి వచ్చిన పటములో 17 బిందువులు మాత్రమే ఉండెను. మిగిలిన వంపును వంపుబద్దతో గీసికొనవలసి వచ్చెడిది. పార్సన్స్ సహచరుడు ఫ్రాంక్ స్టూలెన్ చిల్లుల కార్డులతో లెక్కలు చేయు యంత్రముల సహాయమున 17కు బదులు 200 బిందువులను గణించెను. అంతేకాదు, కోతపనిముట్టు వ్యాసార్ధమునుగూడ లెక్కలో చేర్చి, దాని కేంద్రము నడవవలసిన దారిని రాబట్టెను. నేటి రౌటరుకు దారి గీయు కంప్యూటరు కార్యక్రమము చేయునదియు ఈ లెక్కయే.

అప్పటి కోతవిధానము విచిత్రముగా ఉండెడిది. ఒకడు పట్టికలోని అంకెలను బిగ్గరగా చదువును. ఒకడు ఒక చక్రమును, మరియొకడు రెండవ చక్రమును త్రిప్పి బిట్టును ఆ స్థానమునకు తెత్తురు. ఈ ముగ్గురి పనిని యంత్రమే ఏల చేయరాదని పార్సన్స్ ఆలోచించెను. అమెరికా వైమానికదళము 1949లో ఆ పనికి ధనమిచ్చుటకు అంగీకరించెను. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల అందులో పాలుపంచుకొని, క్రమముగా పరిశోధనను తన చేతిలోనికి తీసికొనెను. 1952 సెప్టెంబరులో చిల్లుల కాగితపు పట్టీతో నడచు లోహపు కోతయంత్రమును ఆ సంస్థ ప్రదర్శించెను. దాని నియంత్రణ పరికరమునందు వందలకొలది వాక్యూమ్ ట్యూబులు ఉండెను. 1959లో ఆ సంస్థ, డగ్లస్ రాస్ నాయకత్వమున రూపొందిన ఏ.పీ.టీ. అను ఆజ్ఞాభాషను లోకమునకు పరిచయము చేయుచు, ఆ భాషతో చెక్కించిన అల్యూమినియము యాష్‌ట్రేలను జ్ఞాపికలుగా పంచిపెట్టెను.

ఇదే కాలమున మరియొక మార్గమును కలదు. జనరల్ ఎలక్ట్రిక్ మొదలగు సంస్థలు ప్రయత్నించిన ఆ పద్ధతిలో, అనుభవజ్ఞుడైన పనివాడు మొదటి వస్తువును స్వయముగా కోయును. అతని కదలికలను అయస్కాంతపు పట్టీ గ్రహించును. తరువాత యంత్రము వాటినే మరల చేయును. ఈ మార్గమున పనివాడే గురువు. అంకెల మార్గమున గురుస్థానము కార్యాలయములో లెక్కలు వేయువానికి చెందును. పరిశ్రమలలో నిలిచినది రెండవదే. కార్మికులపై అదుపు యజమానులకు దక్కవలెనను కోరికయు ఇందుకు ఒక కారణమని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వెలువరించిన గ్రంథమున వాదించెను. వంపులు మిక్కిలి క్లిష్టమైన విమానభాగములను చేతితో ఒకసారియైనను కోయుట కష్టమనుటయు నిజమే. ఏమైనను, రూపము నెరిగినవాడును, కొయ్యనో లోహమునో బల్లపై బిగించువాడును వేరువేరు మనుష్యులైరి.

వారిని మరల కలిపినది యంత్రము చౌకయగుట. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 1990 తరువాత రూపొందించిన నియంత్రణ కార్యక్రమము అందరికిని ఉచితముగా లభించినది. ఇటలీలో 2005లో ఆర్డుయినో అను చిన్న ఎలక్ట్రానిక్ పలక వచ్చినది. దానిపై నడచునట్లు నార్వే దేశీయుడు సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ 2009లో గ్రబుల్ అను కార్యక్రమమును వ్రాసి ఉచితముగా ఇచ్చెను. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ షేపోకో అను చిన్న రౌటరు నమూనాను ప్రజలలోనికి తెచ్చెను.

అట్టి యంత్రమును అమర్చుకొనువాడు హైస్కూలు గణితముతోనే పని ప్రారంభింపవచ్చును. మొదట దూలము పక్కకమ్ములకు లంబముగా ఉన్నదా? బిట్టుతో బల్లపై 600 మిల్లీమీటర్లు ఒకవైపు, 800 మిల్లీమీటర్లు మరియొకవైపు దీర్ఘచతురస్రము గుర్తింపుడు. రెండు కర్ణములును 1000 మిల్లీమీటర్లు ఉండవలెను. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయినచో యంత్రము మూలమట్టము తప్పినదన్నమాట. తరువాత అడుగుల లెక్క. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేయుననుకొందము. పలక ఒక్కొక్క అడుగును ఎనిమిది భాగములు చేసిన 1600 అగును. 2 మిల్లీమీటర్ల ఎడముతో పళ్లున్న బెల్టు, 20 పళ్ల చక్రము వాడినచో ఒక చుట్టుకు 40 మిల్లీమీటర్ల కదలిక. కనుక మిల్లీమీటరుకు 40 అడుగులు. 500 మిల్లీమీటర్లు కదలుమన్నప్పుడు 498 మాత్రమే కదలినచో, 40ని 500తో హెచ్చించి 498చే భాగించి లెక్కను సరిదిద్దవలెను.

కోతవేగమునకును లెక్క కలదు. నిమిషమునకు 16000 చుట్లు తిరుగు బిట్టుకు రెండు అంచులుండి, ఒక్కొక్క అంచు 0.05 మిల్లీమీటరు మందపు పొట్టు తీయవలెనన్న, బిట్టును నిమిషమునకు 1600 మిల్లీమీటర్లు నడపవలెను. మెల్లగా నడపిన కొయ్యకు మేలని తోచును. కాని అప్పుడు అంచు కోయక ఒరయును, కొయ్య మాడును, బిట్టు మొద్దుబారును.

ఇక్కడొక ముఖ్యభేదమును గమనింపవలెను. 1952 నాటి యంత్రము తాను నిజముగా ఎంత కదలినదో కొలిచికొనుచు, ఆజ్ఞతో పోల్చుకొనుచు నడచెడిది. చౌక రౌటరులలో చాలవాటికి ఆ శక్తి లేదు. ముడిపై తగిలి మోటారు కొన్ని అడుగులు తప్పినను అది తెలియక ముందుకు సాగును. ఆపైన చెక్కినదంతయు పక్కకు జరుగును. తప్పును కనిపెట్టునది ప్రక్కన నిలిచిన మనుష్యుని చెవి. బిట్టు శబ్దము మారుట, పొట్టు స్థానమున సన్నని ధూళి రాలుట, మాడిన వాసన — ఇవి అతనికి సూచనలు. నారకు అడ్డముగా కోయునప్పుడు అంచు చిట్లకుండ క్రింద వేరొక పలకను బిగించుటయు, ముడి ఉన్నచోటు తప్పించుటయు ఏ అంకెలపట్టికయు చెప్పదు. కంటికి అద్దములు, ముక్కునకు ధూళి తొడుగు లేక యంత్రము దగ్గర నిలువరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

కనుక వడ్రంగి నేర్పు నశింపలేదు. రూపమును, చేతి కదలికను అంకెలు తీసికొన్నవి. కొయ్య నెరుగుట మనుష్యునికే మిగిలినది. పాఠశాల పనిశాలలో ఇట్టి యంత్రమును నెలకొల్పదలచిన ఉపాధ్యాయులు, విద్యార్థికి దానిని చూపుటకు ముందు ఒక ఉలిని, ఒక పలకను ఇచ్చి నారవాలును తెలిసికొననిచ్చుట మేలు. అట్టి విద్యార్థి రౌటరు శబ్దము మారినప్పుడు ఏల మారినదో వెంటనే గ్రహింపగలడు.