సైన్యం లేని దేశానికి సైన్యం వచ్చిన కథ

1981 జులై 29న లండన్‌లో యువరాజు చార్లెస్, డయానాల పెళ్లి. అతిథుల్లో గాంబియా అధ్యక్షుడు దావ్దా జవారా కూడా ఉన్నారు. చదివింది పశువైద్యం, 1965లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచీ దేశాన్ని నడిపిస్తున్నది ఆయనే. మర్నాడు తెల్లారేసరికి ఆయన పదవి పోయిందని గాంబియా రేడియో చాటింది.

నది వెంట సన్నగా సాగిన ఆ దేశానికి మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు సముద్రం. అప్పట్లో వేరుశనగే ప్రధాన ఆదాయం. సైన్యాన్ని మేపే స్తోమత లేదు కాబట్టి ఫీల్డ్ ఫోర్స్ అనే సాయుధ పోలీసు దళంతోనే సరిపెట్టుకున్నారు. పెద్ద ఆపదొస్తే ఆదుకోవడానికి సెనెగల్‌తో ఒప్పందం ఉంది. పొరుగు దేశాల్లో సైన్యాల నిర్వాకం చూశాక, ఇది తెలివైన ఏర్పాటేననిపిస్తుంది.

కానీ తుపాకులున్న చోటే చిక్కు మొదలైంది. 1980 అక్టోబరులో ఆ దళం ఉప కమాండర్ మహోనీని సొంత జవానే కాల్చి చంపాడు. పైగా కరవు, నిరుద్యోగం. 1977 పార్లమెంటు ఎన్నికల్లో ఓడిన వామపక్షవాది కుకోయ్ సాంబా సన్యాంగ్ ఫీల్డ్ ఫోర్స్‌లో కొందరిని కూడగట్టుకున్నాడు. బకావులోని ఆయుధాగారం వాళ్ల చేతికి చిక్కింది. జైలు తలుపులు తీసి ఖైదీలకూ తుపాకులిచ్చారు. ఇక విప్లవం ఎక్కడ ముగిసిందో, లూటీ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

జవారా లండన్‌లో కూర్చోలేదు. డాకర్‌కు చేరి సెనెగల్ అధ్యక్షుడు అబ్దూ డియూఫ్ సాయం కోరారు. సెనెగల్ దళాలు దిగాయి. తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన జవారా భార్యను, పిల్లలను ఆస్పత్రికి తెచ్చినప్పుడు బ్రిటిష్ కమాండోలు విడిపించారు. వారం రోజుల్లో అంతా సద్దుమణిగింది. అప్పటికి వందల మంది చనిపోయారు. సన్యాంగ్ దేశం దాటాడు.

ఆదుకున్నందుకు మూల్యం ఉండనే ఉంది. 1982 ఫిబ్రవరిలో రెండు దేశాలు కలిసి సెనెగాంబియా సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆ తర్వాతే బ్రిటిష్ శిక్షణతో గాంబియాకు సొంత సైన్యం తయారైంది. 1989లో సమాఖ్య విడిపోయి, సెనెగల్ జవాన్లు ఇంటిదారి పట్టారు. సైన్యం మాత్రం మిగిలింది. లైబీరియాలో శాంతి దళంగా పనిచేసి వచ్చినవాళ్లు జీతభత్యాల కోసం గొణిగేవారు.

1994 జులై 22న ఆ సైన్యంలోని 29 ఏళ్ల లెఫ్టినెంట్ యాహ్యా జమ్మే అధికారం చేజిక్కించుకున్నాడు. జవారా రేవులో ఉన్న అమెరికా యుద్ధనౌక ఎక్కి డాకర్ చేరారు. ఈసారి సెనెగల్ దళాలు కదల్లేదు.