లగ్జరీ ఎస్‌యూవీ ధర బేరం (అమెరికా)

లగ్జరీ ఎస్‌యూవీ ధర బేరం అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఖరీదైన కొత్త ఎస్‌యూవీ వాహనాన్ని కొనేటప్పుడు కొనుగోలుదారుకు, డీలరుకు మధ్య జరిగే ధర నిర్ణయ ప్రక్రియ. అమెరికాలో దుకాణాలలోని వస్తువులు సాధారణంగా రాసి ఉన్న ధరకే అమ్ముడవుతాయి. కొత్త కారు దీనికి పెద్ద మినహాయింపు. వాహనం అద్దంపై అంటించిన ధర తయారీదారు సూచించిన ధర మాత్రమే. అసలు ధర బేరంలో తేలుతుంది. అందువలన ఒకే డీలరు వద్ద ఒకే రకమైన రెండు వాహనాలను ఇద్దరు వ్యక్తులు వేర్వేరు ధరలకు కొనే అవకాశం ఉంది.

ఈ బేరం ఒక్క అంకెకు సంబంధించినది కాదు. వాహనం ధర, పాత కారు ఎక్స్ఛేంజి విలువ, అప్పుపై వడ్డీ, అదనపు సేవల ఖరీదు వంటి పలు లెక్కలు ఇందులో కలిసి ఉంటాయి. ఒక లెక్కలో తగ్గించిన మొత్తాన్ని మరొక లెక్కలో తిరిగి రాబట్టుకునే వీలు డీలరుకు ఉంటుంది. కనుక ప్రతి లెక్కను విడిగా తేల్చుకోవడం కొనుగోలుదారుకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

నేపథ్యం

అమెరికాలో కార్ల తయారీ కంపెనీలు చాలావరకు తమ వాహనాలను నేరుగా అమ్మవు. స్వతంత్ర వ్యాపారులైన డీలర్లు కంపెనీ నుండి వాహనాలను కొని ప్రజలకు అమ్ముతారు. చాలా రాష్ట్రాల చట్టాలు ఈ డీలరు వ్యవస్థకు రక్షణ కల్పించాయి. అమ్మకపు ధరను నిర్ణయించుకునే స్వేచ్ఛ డీలరుకు ఉంది.

1950లలో వాహనం అసలు ధర ఎంతో కొనుగోలుదారుకు తెలిసే మార్గం ఉండేది కాదు. కొందరు డీలర్లు ముందుగా ధరను పెంచి చెప్పి, పాత కారుకు ఎక్కువ విలువ ఇచ్చినట్లు చూపేవారు. దీనిని అరికట్టడానికి ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన సెనేటరు మైక్ మన్రోనీ ప్రతిపాదించిన చట్టం 1958లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రతి కొత్త కారు అద్దంపై తయారీదారు సూచించిన ధర, అమర్చిన అదనపు పరికరాల ధరలు, రవాణా ఖర్చు తెలిపే పత్రం ఉండాలి. వాహనం కొనుగోలుదారుకు చేరేవరకు దానిని తొలగించకూడదు. ఈ పత్రాన్ని నేటికీ "మన్రోనీ స్టిక్కరు" అంటారు. అయితే ఈ చట్టం ధరను బహిర్గతం చేసినదే కాని, ఆ ధరకే అమ్మాలని నిర్బంధించలేదు.

లగ్జరీ ఎస్‌యూవీలు

రేంజ్ రోవర్ 1987లో అమెరికా విపణిలోకి వచ్చింది. 1990ల చివరిలో ఈ తరగతి వేగంగా విస్తరించింది. 1997లో మెర్సిడెస్-బెంజ్ ఎం-క్లాస్, లింకన్ నావిగేటర్, 1998లో లెక్సస్ ఆర్‌ఎక్స్, క్యాడిలాక్ ఎస్కలేడ్, 1999లో బీఎండబ్ల్యూ ఎక్స్5 వచ్చాయి. వీటిలో ఎం-క్లాస్ అలబామాలోను, ఎక్స్5 దక్షిణ కరోలినాలోను తయారయ్యాయి.

ఈ తరగతి వాహనాలలో డాలర్లలో లెక్కిస్తే లాభం ఎక్కువ కనుక బేరానికి చోటు కూడా ఎక్కువ. అయితే కొత్తగా విడుదలై గిరాకీ ఎక్కువగా ఉన్న మోడలుకు తగ్గింపు దొరకడం కష్టం. తోలు సీట్లు, పైకప్పు అద్దం, సంగీత పరికరాలు వంటివి తరచు "ప్యాకేజీ"లుగా కలిపి అమ్ముతారు. అందువలన రెండు వాహనాల ధరలను పోల్చేటప్పుడు రెండింటిలో ఒకే ప్యాకేజీలు ఉన్నాయో లేదో చూడాలి.

ధరలోని భాగాలు

స్టిక్కరు ధర: తయారీదారు సూచించిన ధర. బేరం సాధారణంగా ఇక్కడి నుండి మొదలవుతుంది.

ఇన్వాయిస్ ధర: కంపెనీ డీలరుకు పంపే బిల్లులోని ధర. దీనినే డీలరు అసలు ఖర్చుగా చాలామంది భావిస్తారు. నిజానికి అసలు ఖర్చు ఇంతకంటె తక్కువ ఉండవచ్చును.

హోల్డ్‌బ్యాక్: వాహనం అమ్ముడైన తరువాత కొన్ని కంపెనీలు డీలరుకు తిరిగి ఇచ్చే మొత్తం. ఇది సాధారణంగా ధరలో 1 నుండి 3 శాతం వరకు ఉంటుంది. కొన్ని కంపెనీలు దీనిని ఇవ్వవు. ఇన్వాయిస్ ధరకే అమ్మిన డీలరుకు కూడా లాభం మిగలడానికి ఇది ఒక కారణం.

ప్రోత్సాహకాలు: అమ్మకాలు మందగించిన మోడళ్ళపై కంపెనీ ఇచ్చే సొమ్ము. కొనుగోలుదారుకు నేరుగా ఇచ్చే రిబేటును ప్రకటనలలో చూపుతారు. డీలరుకు ఇచ్చే ప్రోత్సాహకం చాలాసార్లు బయటకు తెలియదు.

రవాణా రుసుము: స్టిక్కరుపై చూపబడే ఈ రుసుమును కంపెనీ నిర్ణయిస్తుంది. డీలరు దీనిని విడిగా తగ్గించడు.

పత్రాల రుసుము: కాగితాల పని పేరిట డీలరు వసూలు చేసే మొత్తం. కొన్ని రాష్ట్రాలు దీనికి గరిష్ఠ పరిమితి విధించాయి. ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో అటువంటి పరిమితి లేదు.

పన్నులు, రిజిస్ట్రేషను: ఇవి ప్రభుత్వానికి చెందినవి, బేరానికి లొంగవు.

వీటన్నిటినీ కలిపిన మొత్తాన్ని "అవుట్ ద డోర్" ధర అంటారు. ఇద్దరు డీలర్ల ధరలను పోల్చడానికి సరైన అంకె ఇదే. స్టిక్కరు ధరపై ఎక్కువ తగ్గించిన డీలరు రుసుముల రూపంలో దానిని తిరిగి వసూలు చేస్తే ఆ తగ్గింపు వలన ప్రయోజనం ఉండదు.

బేరం జరిగే విధానం

కొనుగోలుదారు తనకు కావలసిన మోడలు, ప్యాకేజీలు నిర్ణయించుకొని, పలువురు డీలర్ల నుండి "అవుట్ ద డోర్" ధరను రాతపూర్వకంగా తెప్పించుకోవడం ప్రస్తుతం సాధారణ పద్ధతి. ఒక డీలరు ఇచ్చిన ధరను మరొకరికి చూపి తగ్గించమని కోరవచ్చును. షోరూములో కూర్చుని బేరమాడేటప్పుడు అమ్మకందారు సొంతంగా ధరను ఖరారు చేయడు. "మేనేజరును అడిగి వస్తాను" అంటూ పలుమార్లు లోపలికి వెళ్ళి రావడం ఈ ప్రక్రియలో భాగం. సమయం గడిచేకొద్దీ కొనుగోలుదారు అలసిపోయి ఒప్పుకొనే అవకాశం పెరుగుతుంది. బేరం కుదరనప్పుడు లేచి వెళ్ళిపోగలగడమే కొనుగోలుదారు ప్రధాన బలం.

కాలం కూడా ధరను ప్రభావితం చేస్తుంది. డీలర్లు సాధారణంగా అప్పు చేసి వాహనాలను నిల్వ ఉంచుతారు. అమ్ముడుపోని ప్రతి వాహనంపై వడ్డీ పెరుగుతూ ఉంటుంది. కనుక చాలాకాలంగా నిల్వ ఉన్న వాహనాన్ని, కొత్త సంవత్సరపు మోడలు వచ్చిన తరువాత మిగిలిన పాత మోడలును తగ్గించి అమ్మడానికి డీలరు మొగ్గు చూపుతాడు. నెలాఖరులో అమ్మకాల లక్ష్యం చేరువలో ఉంటే, దానిపై వచ్చే బోనస్ కోసం ఒక వాహనాన్ని తక్కువ లాభానికి కూడా ఇవ్వవచ్చును.

నాలుగు గళ్ళ కాగితం

కొందరు డీలర్లు ఒక కాగితాన్ని నాలుగు గళ్ళుగా విభజించి వాటిలో వాహనం ధర, పాత కారు విలువ, డౌన్ పేమెంటు, నెలవారీ వాయిదా రాస్తారు. కొనుగోలుదారు దృష్టి నెలవారీ వాయిదాపై నిలిస్తే, మిగిలిన గళ్ళలోని అంకెలను మార్చి వాయిదాను అతనికి నచ్చిన స్థాయికి తీసుకురావచ్చును.

ఉదాహరణకు, 60,000 డాలర్ల అప్పును సంవత్సరానికి 6 శాతం వడ్డీతో 60 నెలలలో తీరిస్తే నెలకు సుమారు 1,160 డాలర్లు చెల్లించాలి. వాహనం ధరను 2,000 డాలర్లు పెంచి, అప్పును 62,000 చేసి, గడువును 72 నెలలకు పొడిగిస్తే వాయిదా సుమారు 1,028 డాలర్లకు తగ్గుతుంది. నెలకు 132 డాలర్లు మిగిలినట్లు కనిపించినా, మొత్తం చెల్లింపు 69,598 నుండి 73,981 డాలర్లకు పెరుగుతుంది. అనగా కొనుగోలుదారు 4,383 డాలర్లు ఎక్కువ చెల్లిస్తాడు.

పాత కారును ఇచ్చేటప్పుడు దాని విలువను వేరొకచోట ముందుగా తెలుసుకోవడం ఉపయోగకరం. అయితే చాలా రాష్ట్రాలలో పాత కారు విలువను మినహాయించిన తరువాతనే అమ్మకపు పన్ను లెక్కిస్తారు. కనుక బయట కొద్దిగా ఎక్కువ ధర వచ్చినా డీలరుకు ఇవ్వడమే లాభం కావచ్చును. కాలిఫోర్నియాలో ఈ మినహాయింపు లేదు.

ఫైనాన్స్ గది

ధర కుదిరిన తరువాత కొనుగోలుదారును ఫైనాన్స్ మేనేజరు వద్దకు పంపుతారు. బేరం ముగిసినదని కొనుగోలుదారు భావించే ఈ దశలో డీలరుకు గణనీయమైన లాభం వస్తుంది. బ్యాంకు ఆమోదించిన వడ్డీ రేటుపై డీలరు కొంత కలిపి చెప్పవచ్చును. పై ఉదాహరణలోని మొదటి అప్పుపై వడ్డీ 6కు బదులు 7 శాతం అయితే 60 నెలలలో సుమారు 1,686 డాలర్లు అదనంగా చెల్లించవలసి వస్తుంది. 1968 నాటి రుణ వివరాల చట్టం ప్రకారం వార్షిక వడ్డీ రేటును, మొత్తం వడ్డీ భారాన్ని రాతపూర్వకంగా తెలపాలి. కాని అందులో డీలరు కలిపిన వాటా ఎంతో తెలపనవసరం లేదు. సొంత బ్యాంకు లేదా క్రెడిట్ యూనియను నుండి ముందుగానే అప్పు ఆమోదం తెచ్చుకున్నవారికి పోల్చుకునే అవకాశం ఉంటుంది.

పొడిగించిన వారంటీ, రంగుకు రక్షణ పూత, టైర్ల బీమా వంటివి కూడా ఇక్కడే అమ్ముతారు. వీటి ధరలు కూడా బేరానికి లోబడినవే, తీసుకోవడం తప్పనిసరి కాదు.

లగ్జరీ వాహనాలను లీజుకు తీసుకునేవారు అధికం. లీజులో వడ్డీని శాతంగా కాక "మనీ ఫ్యాక్టర్" అనే చిన్న దశాంశంగా చెబుతారు. దానిని 2,400తో గుణిస్తే సుమారు వార్షిక వడ్డీ శాతం వస్తుంది. 0.0025 అనగా 6 శాతం. లీజులో కూడా వాహనం ధరను బేరమాడవచ్చునని చాలామందికి తెలియదు.

అమ్మకందారు ఇంటికి వచ్చి అమ్మిన వస్తువులను మూడు రోజులలో తిప్పి పంపే హక్కును ఇచ్చే సమాఖ్య నిబంధన డీలరు షోరూములో కొన్న కారుకు వర్తించదు. కనుక సంతకానికి ముందే పత్రాలను పూర్తిగా చదవాలి.

వివక్షపై పరిశోధనలు

బేరంపై ఆధారపడిన ధర అందరికీ సమానంగా ఉండదని పరిశోధనలు చూపాయి. న్యాయశాస్త్ర ఆచార్యుడు ఇయన్ ఎయిర్స్ షికాగో ప్రాంతంలోని డీలర్ల వద్దకు ఒకే విధమైన బేరపు మాటలు నేర్పిన వ్యక్తులను పంపి, 1991లో ఫలితాలు ప్రచురించాడు. పీటర్ సీగెల్మన్‌తో కలిసి 300కు పైగా జంట పరీక్షలతో చేసిన విస్తృత అధ్యయనం 1995లో వెలువడింది. అందరూ ఒకే పద్ధతిలో బేరమాడినప్పటికీ, నల్లజాతివారికి, స్త్రీలకు చెప్పిన ధరలు శ్వేతజాతి పురుషులకు చెప్పిన ధరలకంటె గణనీయంగా ఎక్కువ అని తేలింది.

డీలరు ఖర్చుల సమాచారం అందుబాటులోకి రావడంతో ఈ పరిస్థితి కొంత మారింది. 1966లో ధరల పుస్తకాలతో మొదలైన ఎడ్మండ్స్, 1926 నుండి వ్యాపారులకు ధరలు తెలిపిన కెల్లీ బ్లూ బుక్ 1990ల మధ్యలో అంతర్జాలంలోకి వచ్చాయి. ఫియోనా స్కాట్ మోర్టన్, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్, జార్జ్ సిల్వా-రిస్సో 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అంతర్జాల సేవ ద్వారా కొన్నవారు సగటున 2 శాతం తక్కువ చెల్లించారు. ఆ విధంగా కొన్న మైనారిటీలు దాదాపు శ్వేతజాతివారితో సమానమైన ధరనే చెల్లించారని అదే పరిశోధకులు 2003లో తెలిపారు.

బేరం లేని అమ్మకాలు

జనరల్ మోటార్స్ సంస్థ 1990లో అమ్మకాలు ప్రారంభించిన శాటర్న్ కార్లను బేరం లేని ధరలకు అమ్మారు. 2010లో ఆ బ్రాండు మూతపడింది. టెస్లా డీలర్లు లేకుండా నేరుగా ఒకే ధరకు అమ్ముతుంది. అయితే టెక్సాస్ వంటి రాష్ట్రాల చట్టాలు నేరు అమ్మకాలను అనుమతించవు.

2021-22లో చిప్‌ల కొరత వలన వాహనాలు తగ్గిపోయినప్పుడు అనేక డీలర్లు స్టిక్కరు ధరపై అదనపు మొత్తం వసూలు చేశారు. కారు అమ్మకాలలో దాచిన రుసుములను అరికట్టడానికి సమాఖ్య వాణిజ్య సంఘం 2023 డిసెంబరులో ఒక నిబంధన ప్రకటించింది. దానిని రూపొందించిన ప్రక్రియలో లోపం ఉన్నదని 2025 జనవరిలో సమాఖ్య అప్పీళ్ళ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో "ఎక్స్-షోరూమ్" ధరకు రోడ్డు పన్ను, బీమా, ఇతర రుసుములు కలిపితే "ఆన్-రోడ్" ధర వస్తుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో రోడ్డు పన్నును జీవితకాలపు పన్నుగా ధరలో శాతం చొప్పున వసూలు చేస్తారు. పెద్ద ఎస్‌యూవీలపై 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి ఉన్న 50 శాతం పన్ను స్థానంలో 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం జీఎస్టీ వచ్చింది. ఎక్స్-షోరూమ్ ధరపై తగ్గింపుతో పాటు బీమా, అదనపు పరికరాలపై కూడా బేరం జరుగుతుంది. బీమాను డీలరు వద్దనే కొనవలసిన అవసరం లేదు. మెర్సిడెస్-బెంజ్ ఇండియా 2021 అక్టోబరులో వాహనాలను తన యాజమాన్యంలోనే ఉంచుకొని దేశమంతటా ఒకే ధరకు నేరుగా అమ్మే పద్ధతిని ప్రారంభించింది.

ఇవి కూడా చూడండి

బేరం
ఎస్‌యూవీ
చక్రవడ్డీ
వినియోగదారుల హక్కులు
వస్తు సేవల పన్ను