ఆరంగుళాల యుద్ధ విమానం

ఇయ్యాల ఎరువుల గురించి కాదు, పత్తి రేటు గురించి కాదు. ఒక బొమ్మ విమానం కథ చెప్తా. బొమ్మే గదా అని వదిలెయ్యకండి. కడదాకా చదివితే మన చేను గట్టు మీదికే వస్తది.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మూడు రోజులకే, 6వ తేదీ పొద్దున, శత్రు విమానాలు వస్తున్నాయని తప్పుడు కబురు అందింది. లండన్‌కు తూర్పు దిక్కున బ్రిటన్ విమానాలు ఆకాశంలోకి లేచినయి. వాటిలో కొన్ని హరికేన్లు, కొన్ని స్పిట్‌ఫైర్లు. రెండూ వాళ్లవే. కానీ స్పిట్‌ఫైర్ పైలట్లు దూరం నుంచి హరికేన్లను చూసి జర్మన్ విమానాలనుకొని కాల్చారు. రెండు కూలినయి. మాంటేగ్ హల్టన్-హారప్ అనే పైలట్ చనిపోయిండు. ఆ యుద్ధంలో ప్రాణం పోయిన మొదటి బ్రిటన్ ఫైటర్ పైలట్ ఆయనే. చంపింది సొంత వాళ్లే.

కబురు తప్పు ఒక ఎత్తు, కన్ను తప్పు ఇంకో ఎత్తు. స్పిట్‌ఫైర్, హరికేన్, జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109, మూడూ ఒకే ఇంజన్, ఒకే వరస రెక్కలున్నవి. దగ్గరికి పోతే తేడా తెలుస్తది. స్పిట్‌ఫైర్ రెక్క కోడిగుడ్డును సాగదీసినట్టు ఉంటది. హరికేన్ రెక్క మందం, వీపు మీద గూని. అప్పటి మెస్సర్‌ష్మిట్ రెక్క కొస నరికినట్టు ఉంటది. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే పట్టుబడదు. ఆకాశంలో విమానం కింది నుంచి, పక్క నుంచి, వాలుగా, ఎట్లయినా కనపడొచ్చు. చేతిలో పట్టుకొని తిప్పి చూసే నమూనా కావాలి.

అందుకే 1942 మొదట్లో అమెరికా నౌకాదళం దేశంలోని బడి పిల్లలను 5 లక్షల నమూనా విమానాలు చేసిమ్మని అడిగింది. 50 రకాలు, ఒక్కో రకం 10,000. తమవీ, శత్రువులవీ అన్నీ కలిపి.

కొలత అసలు విమానంలో 72వ వంతు. అంటే 6 అడుగుల మనిషి ఒక అంగుళం అవుతడు. ఆ నమూనాను 35 అడుగుల దూరంలో పెట్టి చూస్తే, అసలు విమానం 2,520 అడుగుల దూరంలో, అంటే ముప్పావు కిలోమీటరు అవతల, ఎంత కనపడతదో అంతే కనపడతది. తరగతి గది చాలు, ఆకాశం అక్కర్లేదు.

స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు. నమూనాలో ఆరంగుళాలు దాటి కొంచెం. (ఈ స్పిట్‌ఫైర్ మనకు పూర్తిగా పరాయిది కాదు. మన నిజాం ఇచ్చిన పైసలకు గుర్తుగా బ్రిటన్ 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. వాళ్లు నడిపింది స్పిట్‌ఫైర్లే.)

చేసే పద్ధతి వడ్రంగి పనే. నక్షా నుంచి అట్టముక్కలు కత్తిరించాలి. మెత్తని కర్రను చెక్కుతూ, అట్టను ఆనించి చూస్తూ, సందులోంచి వెలుతురు కనపడకుండా అయ్యేదాకా దిద్దాలి. గరుకు కాయితంతో రుద్ది, మొత్తం నల్లరంగు వెయ్యాలి. రంగులు, గుర్తులు ఉంటే కన్ను వాటినే పట్టుకుంటది, ఆకారాన్ని చూడదు. రెక్క కొసలో అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వస్తే అసలులో 9 అంగుళాల తప్పు. ఆ తప్పుడు బొమ్మ చూసి నేర్చిన సిపాయి ఎవరిని కాలుస్తడో చెప్పలేం.

ఈనాటికీ సరదాకు పాత యుద్ధ విమానాల నమూనాలు చేసేవాళ్లు ఎక్కువగా వాడే కొలతల్లో 1/72 ఒకటి. లోపలి సీటు, గడియారాలు, రివెట్లు కూడా చెక్కుతారు. కానీ ముందు వాళ్లు చూసుకునేది ఆకారం సరిగ్గా ఉందా లేదా అన్నదే.

ఇప్పుడు మన చేను దగ్గరికి వద్దాం. ఒక ఏడాది పత్తిలో పేనుబంక ఆకుల మీద నల్లగా, మొసలి పిల్ల ఆకారంలో పాకే పురుగులు చూసి భయపడి మందు కొట్టిన. తర్వాత తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకను తినేవి. పెద్ద పురుగునైతే ఎర్రగా చుక్కలతో గుర్తుపట్టేవాడిని, పిల్లను గుర్తుపట్టలేదు. నా వాళ్లనే నేను కాల్చుకున్న.

ఇప్పుడు అగ్గిపెట్టెలో మిత్రపురుగులు, శత్రుపురుగులు, వాటి పిల్లలతో సహా ఎండబెట్టి దాచిన. మందు డబ్బా మూత తీసే ముందు ఒకసారి పోల్చి చూస్తా. మీరూ దాచుకోండి. మీ చేలో పోల్చుకోలేని పురుగు కనపడితే ఫొటో తీసి కింద పెట్టండి, తెలిసినవాళ్లు చెప్తారు.