కొబ్బరిచెట్ల మీదుగా బ్రాడ్‌బ్యాండ్

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. టెలిఫోను స్తంభాలు కూలాయి, రోడ్లు తెగాయి. నాగాయలంక, కోడూరు ఊళ్లలో ఏం జరిగిందో బయటికి చెప్పే దారే లేకపోయింది. కృష్ణా డెల్టాలో తీగ లాగడం మామూలు రోజుల్లోనూ కష్టమే. కాలవలు, డ్రెయిన్లు, ఏటి పాయలు, లంకలు అడుగడుగునా అడ్డం వస్తాయి. అందుకే తీగ లేకుండా కబురు మోసే ఏ సాధనం వచ్చినా ఇక్కడివాళ్లు ఆశగా చూశారు. ఆ ఆశ ఎంతవరకు తీరుతుందన్నది మాత్రం, ఆ సాధనంలోని చిప్‌ను ఎవరు ఎంత దూరం కోసం తయారుచేశారన్న దాని మీదే ఆధారపడుతూ వచ్చింది.

ఈ సంగతి కొల్లేటికి ఆవల, పశ్చిమ గోదావరి జిల్లాలో స్పష్టంగా తెలిసింది. 2001లో మొదలైన బైర్రాజు ఫౌండేషన్ అక్కడి పల్లెలకు ‘అశ్విని’ పేరిట ఒక వైర్‌లెస్ నెట్‌వర్క్ వేసింది. ఊరు కదలకుండానే వీడియోలో డాక్టరుతో మాట్లాడాలి, పాఠాలు వినాలి అన్నది దాని ఉద్దేశం. అందుకు ఎంచుకున్నది ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే వై-ఫై రేడియోలనే. ప్రపంచమంతా కొంటున్న సరుకు కాబట్టి ఆ చిప్ చవక. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం చెప్పడంతో దారి సుగమమైంది.

మొదటి చిక్కు చిప్ అలవాటులో ఉంది. వై-ఫై చిప్ ఒక ప్యాకెట్ పంపి, ‘అందింది’ అన్న జవాబు కోసం కొద్ది మైక్రోసెకన్లే ఆగుతుంది. గదిలో అది చాలు. రేడియో తరంగం కిలోమీటరు దాటడానికి సుమారు 3.3 మైక్రోసెకన్లు పడుతుంది. 15 కిలోమీటర్ల అవతలి టవర్‌కు వెళ్లి రావడానికే 100 మైక్రోసెకన్లు. జవాబు ఇంకా దారిలో ఉండగానే ప్యాకెట్ పోయిందనుకుని చిప్ మళ్లీ పంపుతుంది. పంపిందే పంపుతూ లింకు చతికిలబడుతుంది. ఎంతసేపు ఆగాలో సాఫ్ట్‌వేర్‌లో మార్చి, ఓపిక నేర్పితే తప్ప అది పల్లెకు పనికిరాదు.

రెండో చిక్కు టవర్ మీద. నాలుగు దిక్కులకూ నాలుగు యాంటెన్నాలు బిగిస్తే ఒకటి పంపేటప్పుడు పక్కది వినలేదు. ఒకే టవర్ మీదివన్నీ ఒకేసారి పంపి, ఒకేసారి వినాలన్న పద్ధతిని పరిశోధకులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రతిపాదించారు. గంగా మైదానంలో చేసిన ప్రయోగాలతో పాటు అశ్విని అనుభవాన్నీ వాళ్లు 2007లో ప్రచురించారు. కాలిఫోర్నియాలోని బర్కిలీ పరిశోధకులూ అదే కాలంలో ఈ చిక్కుల మీదే పనిచేశారు.

మూడో చిక్కు ఎత్తు. డెల్టాలో కొండలు లేవు. కొబ్బరి తోపులకు పైన యాంటెన్నాకు యాంటెన్నా కనబడాలి. చవక చిప్ వల్ల మిగిలిన డబ్బు టవర్ ఇనుముకు పోయేది.

తర్వాత వైమాక్స్ అనే మరో వైర్‌లెస్ పద్ధతి వచ్చింది. ఆ చిప్‌లు మొదటినుంచీ దూరం కోసం గీసినవే. అయినా 2010 వేలంలో స్పెక్ట్రమ్ గెలుచుకున్న పెద్ద కంపెనీలు 4జీ పద్ధతి అయిన ఎల్‌టీఈ వైపు మళ్లాయి, వైమాక్స్ వెనకబడింది.

2017 డిసెంబరులో మరో దారి తెరుచుకుంది. విజయవాడ కేంద్రంగా పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌తో గూగుల్ మాతృసంస్థకు చెందిన ‘ఎక్స్’ ప్రయోగశాల ఒప్పందం చేసుకుంది. 2,000 కాంతి లింకులు పెట్టాలన్నది ప్రణాళిక. సన్నని కాంతికిరణంతో 20 కిలోమీటర్ల దాకా డేటా పంపే ఈ పరికరం నదులు దాటడానికి అనువైనది. 2021లో ఆఫ్రికాలో కాంగో నది మీదుగా దాదాపు 5 కిలోమీటర్ల మేర డేటా పంపింది. దట్టమైన పొగమంచు దీనికి శత్రువు. మొదటి పరికరాల్లో అద్దాలను కదిపి కిరణాన్ని గురిపెట్టేవారు. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన వేలిగోరంత చిప్‌లో ఆ పని సిలికాన్ మీదే జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు హైదరాబాదు వైపు నుంచి వచ్చింది. 5జీ ప్రమాణాలు రాసేటప్పుడు గ్రామీణ టవర్ల మధ్య 1.7 కిలోమీటర్ల దూరాన్నే లెక్కలోకి తీసుకునేవారు. మన పల్లెలకు అది సరిపోదని భారత బృందం పట్టుబట్టడంతో 6 కిలోమీటర్ల పరీక్ష కూడా 2017లో చేరింది. ఐఐటీ హైదరాబాదు ఆచార్యుడు కిరణ్ కూచి బృందం తీర్చిదిద్దిన తరంగ రూపం ఆ దూరాన్ని అందుకోవడానికి ఆధారం. తరంగం ఎత్తుపల్లాలు తగ్గితే ఫోన్‌లోని యాంప్లిఫయర్ పూర్తి బలంతో పనిచేయగలదు. పల్లె అంచున ఉన్న ఫోన్ మాట టవర్‌దాకా చేరుతుంది. భారత ప్రమాణం ‘5జీఐ’ 2021లో అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ఆమోదం పొంది, తర్వాత ప్రపంచ 5జీ ప్రమాణంలో కలిసింది.

అశ్విని ఇంజినీర్లు ఎవరి ఇంటి కోసమో తయారైన చిప్‌ను మన పొలాల దూరానికి సర్దుకున్నారు. 5జీ నాటికి ఆ దూరాన్ని ప్రమాణంలోనే రాయించగలిగాం. విజయవాడ దగ్గరి కానూరు, వడ్డేశ్వరం కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు కోడింగ్‌తో పాటు రేడియో సర్క్యూట్లూ, ప్రమాణాల రచనా నేర్చుకోవాలి. 6జీ ప్రమాణాల పని ఇప్పటికే మొదలైంది. లంక గ్రామాల అవసరం ఏమిటో ఆ బల్ల దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు మన జిల్లాల నుంచే రావాలి.