లక్క నుంచి ఎపాక్సీ దాకా: ఇంటి రెజిన్ కోస్టర్ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇళ్లలో ఎపాక్సీ రెజిన్‌తో చేస్తున్న అలంకార కోస్టర్ల వెనుక రెండు చరిత్రలున్నాయి. ఒకటి వస్తువుది, మరొకటి పదార్థానిది. ఈ పనిని మన లక్కపనితో పోల్చి, పదార్థం మారినప్పుడు పనివారి నైపుణ్యమూ బాధ్యతా ఎలా మారాయో చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఎపాక్సీ, కోస్టర్, లక్క, ఏటికొప్పాక, హస్తకళ.

1. ఉపోద్ఘాతం

కప్పు, గ్లాసు బల్లపై మరక వదలకుండా కింద పెట్టే బిళ్ల కోస్టర్. రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే ద్రవాన్ని కొలతప్రకారం కలిపి సిలికోన్ అచ్చులో పోసి, ఎండిన పూరేకులో రంగుపొడో అమర్చి, ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే గాజులా మెరిసే బిళ్ల తయారవుతుంది. పనిముట్లు తక్కువే కావడంతో ఇది ఇంటి పనిగా, కొందరికి చిన్న ఆదాయమార్గంగా మారింది. దీన్ని హస్తకళ అంటున్నాం. ఆ మాట ఇక్కడ ఏ నైపుణ్యాన్ని సూచిస్తున్నది?

2. కోస్టర్: వస్తువు చరిత్ర

18వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల భోజనాల బల్లపై మద్యం సీసాను ఒకరి నుంచి మరొకరికి జరపడానికి వెండి అంచు, చెక్క అడుగు గల చిన్న పళ్లేలు వాడేవారు. బల్ల చుట్టూ తిరిగేది కనుక దానికి ఆ పేరు వచ్చింది. జర్మనీలో 1880 ప్రాంతంలో ఫ్రీడ్రిష్ హార్న్ సంస్థ అట్టతో బీరు గ్లాసు బిళ్లలను ముద్రించింది. 1892లో డ్రెస్డెన్‌కు చెందిన రాబర్ట్ స్పుట్ చెక్కగుజ్జుతో వాటిని తయారుచేశాడు. అలా వెండి వస్తువు కాస్తా వాడి పారేసే అట్టముక్క అయింది. నేటి రెజిన్ కోస్టర్ ఆ చవక వస్తువుకు తిరిగి అలంకారాన్ని తెచ్చింది.

3. లక్క: కరిగే మెరుపు

మెరిసే పూతకు మనకు తెలిసిన పాత పదార్థం లక్క. మోదుగ, రేగు వంటి చెట్లపై బతికే చిన్న పురుగు స్రవించే పదార్థమిది. భారత కథలోని లక్కయిల్లు, కవర్లపై లక్కముద్ర, హైదరాబాదు లాడ్ బజార్ గాజులు దీని వాడుకకు సాక్ష్యాలు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదుముతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నునుపుదేలుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడ నైపుణ్యం చేతి ఒత్తిడిలో ఉంది. పూత సరిగా పడకపోతే మళ్లీ వేడిచేసి సరిదిద్దుకోవచ్చు.

4. ఎపాక్సీ: కర్మాగారపు సంతానం

విద్యుత్ పరిశ్రమ పెరిగేకొద్దీ తీగలకు, పరికరాలకు విద్యుద్బంధకంగా లక్క అవసరం పెరిగింది. పురుగుపై ఆధారపడిన సరఫరా ఆ అవసరానికి చాలలేదు. లక్కకు బదులు వెతుకుతూనే లియో బేక్లాండ్ 1907లో బేకలైట్‌ను రూపొందించాడు. ఒకసారి గట్టిపడితే తిరిగి కరగని కృత్రిమ రెజిన్ల యుగం అక్కడ మొదలైంది. 1930లలో జర్మనీలో పాల్ ష్లాక్, స్విట్జర్లాండులో పియెర్ కాస్టాన్ ఎపాక్సీపై విడివిడిగా పనిచేశారు. కాస్టాన్ మొదట ఆశించిన ఉపయోగం కట్టుడుపళ్ల తయారీ. అది ఫలించలేదు. ఆ హక్కులు పొందిన సీబా సంస్థ 1946లో అరాల్డైట్ జిగురును ప్రదర్శించింది. రెండు గొట్టాల ఆ జిగురు మన ఇళ్లకూ పరిచితమే. కోస్టర్‌కు పోసే ద్రవం దాని బంధువు.

5. ఇంట్లో మారిన నైపుణ్యం

లక్క వేడికి కరిగి చల్లారితే గట్టిపడుతుంది. ఎపాక్సీ గట్టిపడేది రసాయనచర్య వల్ల. రెండో ద్రవం తాకగానే అణువుల్లోని బిగువైన వలయాలు తెరుచుకుని ఒకదానికొకటి ముడిపడతాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే పొగలు రావచ్చు. పాలు తప్పితే బిళ్ల జిగటగానే మిగులుతుంది. పూరేకులో తేమ ఉంటే లోపలే రంగు మారుతుంది. పోసి గట్టిపడిన తరువాత వీటిలో దేన్నీ కరిగించి సరిదిద్దలేం. కాబట్టి ఇక్కడ నైపుణ్యం చేతి ఒత్తిడి నుంచి తూకానికీ, ముందుచూపుకూ మారింది.

గది వేడిమిలో గట్టిపడిన సాధారణ ఎపాక్సీ సుమారు 50–60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగకపోయినా మెత్తబడుతుంది. మరక ఆపవలసిన బిళ్లపైనే వేడి టీ కప్పు ముద్ర పడటానికి కారణమిదే. అంతకన్నా ముఖ్యమైనది ఆరోగ్యం. గట్టిపడని ద్రవాలు పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వస్తే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పరిశ్రమల్లో ఇది బాగా తెలిసిన వృత్తివ్యాధి. చేతి తొడుగులు, గాలి ఆడే గది, వంటపాత్రలకు దూరంగా విడి గిన్నెలు, అరగదీసేటప్పుడు ముక్కుకు రక్షణ తప్పనిసరి.

6. ముగింపు

రెజిన్ కోస్టర్ చేయడం హస్తకళే. అయితే అది లక్కపనికి కొనసాగింపు కాదు. లక్కపని తరిణె దగ్గర పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నది, జాగ్రత్తలు ఆ పనిలోనే కలిసి వచ్చాయి. ఎపాక్సీ కర్మాగారం నుంచి డబ్బాలో ఇంటికి వచ్చింది, అక్కడి జాగ్రత్తలు మాత్రం దానితోపాటు పూర్తిగా రాలేదు. కొలత, వేడి, తొడుగులు, మిగిలిన ద్రవాన్ని ఏం చేయాలన్న వివరం తెలుగులో స్పష్టంగా రాసి, మొదటి పాఠంగా నేర్పాలి. అమ్మే బిళ్లపై అది ఎంత వేడికి తట్టుకుంటుందో చెప్పడం కూడా ఈ కళలో భాగంగా గుర్తించాలి.