నర్సమ్మ తొలియేడు

గుడిబండ ప్రాంతమున 'అవ్వా' యను పిలుపొక్కటి రెండు భాషలకును చాలును. తెలుగువారింట నది అమ్మమ్మను, నాయనమ్మను చెప్పును. కన్నడము మాటలాడువారింట కన్నతల్లినే చెప్పును. మడకశిర, గుడిబండ, రొళ్ళ, అగళి, అమరాపురము సీమ కర్ణాటకములోనికి చొచ్చుకొనిపోయిన నేల గావున, కోస్తాజిల్లాలనుండి యిచ్చటికి కొలువునకు వచ్చిన కొత్త నర్సు మొదటివారముననే నేర్వవలసిన మాట యిది. పాఠ్యపుస్తకములో నిది లేదు. పక్షవాతముతో మంచము పట్టిన ముసలమ్మ ప్రక్కకు ఒత్తిగిల్లుటకు సమ్మతించుట, ఒత్తిగిల్లినందున వీపున పుండు పడకుండుట, యీ పిలుపుతోనే మొదలగునని చెప్పగలవారు ఆ పనిలో తల నెరసిన నర్సమ్మలే. వారు కొత్తవారికి చేసిన యీ బోధకు మన నాట నొక చరిత్ర కలదు.

రోగార్తులకు నిలయము గట్టుట మనకు కొత్తగాదు. 1261 నాటి మల్కాపుర శాసనము, రుద్రమదేవి కాలమున విశ్వేశ్వరశివాచార్యుని గోళకీమఠమునకు లభించిన ఆదాయములో ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును భాగములు నిర్ణయింపబడిన సంగతిని తెల్పుచున్నది. అయినను ఏండ్ల తరబడి మంచమున నున్నవాని సేవ శాసనములకెక్కెడి పని గాదు; అది ఇంటి ఆడవారి చేతులమీదుగ, అత్త చూపగా కోడలు నేర్చి, జరిగిపోయినది. ప్రసవమునకు మంత్రసాని, విరిగిన ఎముకకు కట్టుగట్టువాడు, జ్వరమునకు నాటువైద్యుడు ఉండిరి గాని, మూలబడిన ముసలివానికి ఇల్లే దిక్కు.

శిక్షణ పొంది, జీతము పుచ్చుకొని రోగిసేవ చేయు నర్సు మన ప్రాంతమున కనబడుటకు పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదము రావలసి వచ్చెను. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో మాత్రము 1871లోనే నర్సుల శిక్షణ మొదలయ్యెను. 1883లో గుంటూరు చేరిన అమెరికా వైద్యురాలు అన్నా సారా కుగ్లరు 1898లో అచ్చట ఆసుపత్రిని తెరవగా, ఆమెతో గూడ పనిచేసిన కాథరిన్ ఫాస్ తెలుగు బాలికలకు నర్సుపని నేర్పసాగెను. పరాయివారి మలమూత్రములను ముట్టుట కులమునకును కాపురమునకును తగదని తలచిన ఆ దినములలో ఈ వృత్తిలోనికి వచ్చిన బాలికలు, వితంతువులు పడిన మాటలెన్నియో. నేడు తెల్లని దుస్తులకు మనము చూపు గౌరవమునకు వెల చెల్లించినవారు వారే. 1926లో మద్రాసు రాజధాని నర్సులు, మంత్రసానుల చట్టమును చేసెను; గుడిబండ సీమ చేరియుండిన అనంతపురము జిల్లా నాడు ఆ రాజధానిలోనిదే. 1946లో, దేశపు ఆరోగ్యస్థితిని పరిశీలించిన భోరు సంఘము నివేదిక నిచ్చునప్పటికి దేశమంతటను నమోదైన నర్సులు ఇంచుమించు 7,000 మంది, అనగా 43,000 మంది ప్రజలకొక నర్సు. ఇంత కరవులో నర్సు చదువు ప్రసూతిగది చుట్టును, శస్త్రచికిత్స గది చుట్టును తిరుగుట సహజమే. అందుచే పరీక్ష నెగ్గి వచ్చిన బాలిక మనస్సున, పది దినములలో లేచి నడచి యింటికి పోవు రోగియే రోగి యను భావము స్థిరపడిపోయెను.

దీనికి భిన్నమైన బడి యొకటి మనకు చేరువలోనే వెలిసెను. కదిరి దాటి దక్షిణముగ పోగా, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన మెట్టమీద, మదనపల్లె చెంత, పలు క్రైస్తవ మిషనులు కూడి క్షయరోగులకై నెలకొల్పిన శానిటోరియము 1915లో ఇప్పటి స్థలమున తెరవబడెను. దానిని తీర్చిదిద్దినవాడు డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లరు. ఆ చోటికి ఆరోగ్యవరమను పేరు నిలిచినది. క్షయకు మందు లేని కాలమది. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, బలమైన ఆహారము, మెల్లమెల్లగ పెంచు నడక, ఇవియే చికిత్స. కొందరికి ప్రక్కటెముకల నడుమ సూది దింపి, ఊపిరితిత్తి చుట్టును గాలి నింపి, దానికి విరామము కల్పించెడివారు. ఆ గాలి ఇంకిపోవుచుండును గనుక కొన్ని దినములకొకమారు మరల నింపవలెను, అట్లు ఏండ్లు సాగవలెను.

సాధారణ వార్డునుండి ఇట్టి చోటికి వచ్చిన కొత్త నర్సునకు మొదట అంటురోగ భయము, అది తీరినవెనుక చేయుటకు పనియే లేదను దిగులు కలుగును. జ్వరపు పట్టికమీద గీత పైకి క్రిందికి ఆడుచుండును. బరువు ఒక పౌను పెరిగి అరపౌను తగ్గును. నిన్నటి దినము నేటి దినమును పోలియుండును. కాని పని యంతయు ఆ పోలికలోనే దాగియున్నది. ఇంటినుండి ఉత్తరము రాని రోగి అన్నము తగ్గించుట, కోలుకొంటినని సంతసించి మితిమీరి నడచిన యువకునికి సాయంకాలము ఒళ్ళు వెచ్చబడుట, కఫములో సన్నని ఎర్రచార తగులుట, వీనిని ఒకే మనిషిని నెలలకొలది చూచిన కన్ను మాత్రమే పట్టగలదు. ఆ కన్ను ఉపన్యాసమువలన రాదు. పెద్ద సిస్టరు వెంట వరండా పొడవునను నడచి, ఆమె ఏ మంచము కడ ఎందుకాగినదో గమనించి, నేడామె అడిగిన ప్రశ్నను రేపు తానడిగి సంపాదించుకొనవలసినదే. రోగము నయము గాకున్నను రోగి నిన్నటికంటె నేడు సుఖముగ నుండుట గొప్ప ఫలమేయని నర్సునకు నేర్పినవి ఇట్టి ఆలయములే యని నా నిశ్చయము. 1915లోనే ఇసబెల్ కెర్ దొరసాని నిజామాబాదు చెంత దిచ్‌పల్లిలో స్థాపించిన కుష్ఠురోగుల ఆసుపత్రియు ఈ కోవలోనిదే. స్పర్శజ్ఞానము పోయిన పాదమును దినదినము కడిగి పరీక్షించు ఓర్పు అట్టిచోటనే అలవడును.

తరువాత మందులు వచ్చెను. 1944లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వెలువడెను. మద్రాసులో 1956లో ఆరంభమైన పరిశోధన, ఇంటనుండి మందు మ్రింగిన క్షయరోగి శానిటోరియములో పరున్నవానితో సమానముగ కోలుకొనునని 1959లో లోకమునకు చాటెను. బీదలకింతకంటె మహోపకారము లేదు. కాని లోకమంతటను శానిటోరియములు ఖాళీ యగుచు వచ్చినప్పుడు, మంచములతోపాటు, ఆ మంచముల చెంత పెద్ద నర్సు కొత్త నర్సునకు చేయిపట్టి నేర్పెడి సంప్రదాయమును చెదరిపోయెను. దానిని మరియొక చోట నాటవలెనని ఎవరికిని తోచలేదు. ఆరోగ్యవరము సాధారణ వైద్యకేంద్రముగ మారి నేటికిని నిలిచియున్నది.

మన జిల్లాలో ఆ విత్తనము తిరిగి మొలకెత్తిన తావు ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లి. 1969లో అనంతపురము చేరి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పిన స్పెయిను దేశస్థుడు విన్సెంట్ ఫెర్రరు సమాధి ఆ యూరనే యున్నది. 2000లో అచ్చట తెరచిన ఆసుపత్రికి హెచ్‌ఐవి రోగులు బహుసంఖ్యాకులుగ రాసాగిరి. 2004లో ప్రభుత్వము ఉచితముగ మందులిచ్చుట మొదలిడిన పిదప ఆ వ్యాధి మరణశాసనమై యుండక, జీవితాంతము మోయదగిన భారముగ మారెను. ఆ సంస్థయే నర్సుల బడిని గూడ నడుపుచుండుటచే, చదువుకొను బాలిక దీర్ఘరోగిని పుస్తకములోగాక ఎదుటనే చూడగల్గుచున్నది.

1974లో అమెరికాలో మార్లీన్ క్రేమరు 'రియాలిటీ షాక్' అను గ్రంథమును వ్రాసి, బడిలో నేర్చిన ఆదర్శమునకును వార్డులోని వాస్తవమునకును నడుమ కొత్త నర్సు నలిగిపోవు తీరును విప్పిచెప్పెను. ఆమె చెప్పినది ఆసుపత్రి వార్డును గూర్చి. అచ్చట కనీసము అడుగుటకు ప్రక్కన నొకరుందురు. 2018 తర్వాత వెలసిన గ్రామ ఆరోగ్యకేంద్రములలో నర్సింగు పట్టము పొంది, ఆరునెలల అదనపు శిక్షణ ముగించిన యువతులు నియమింపబడుచున్నారు. 2011 జనాభా లెక్కలో అరువదియేండ్లు నిండినవారు దేశమున 10.38 కోట్లు. వేరుసెనగ పైరు నమ్ముకొనలేక బిడ్డలు బెంగుళూరు బస్సెక్కగా గుడిబండవంటి యూళ్ళలో మిగులుచున్న అవ్వలును తాతలును ఆ లెక్కలోనివారే. వారి రక్తపుపోటు, చక్కెర వ్యాధి, పక్షవాతము పదిదినములలో తీరునవి గావు. శానిటోరియమునందలి రోగివంటి దీర్ఘరోగి నేడు ఇంటింటను ఉన్నాడు. వరండాలో ముందు నడచిన పెద్ద సిస్టరు మాత్రము లేదు. కేంద్రమున నున్న యా పిల్ల ఒంటరిది. ఆమె తొలియేడు విసిగి బదిలీ కోరినచో తప్పు ఆమెది గాదు. ఆమెను తోడులేక పంపిన మనది.

కావున నియామకము చేయు అధికారులు మొదటి ఆరుమాసములైనను కొత్త నర్సునకొక అనుభవశాలినిని తోడుగ చూపవలెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఆసుపత్రులలో జీవితమంతయు పనిచేసి విశ్రాంతి గైకొన్న నర్సమ్మలారా, మీకును నా మనవి: వారమునకొక దినము బస్సెక్కి, మీ చేరువ పల్లెలోని ఆ పిల్ల వెంట నాలుగిండ్లు తిరుగుడు, మీరు ఏ మంచము కడ ఆగుదురో ఆమెను చూడనిండు.